జెండా కట్టని ఇళ్లు: మైనారిటీ కుటుంబాల మనసులో ఏముంటుంది?

మహబూబ్‌నగర్‌లో ఒక కాలనీ సంక్షేమ సంఘానికి కార్యదర్శిగా ఉన్న మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. పోయినేడు ఆగస్టు 15కు ప్రతి ఇంటి మీదా జాతీయ జెండా ఎగరాలని మీ సంఘం తీర్మానం చేసింది. ముస్లిం కుటుంబాల్లో కొందరు, అద్దెకుంటున్న లంబాడా కుటుంబాల్లో ఇద్దరు ముగ్గురు కట్టలేదు. ఎవరో ఆ ఇళ్ల ఫొటోలు తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు, మాటా మాటా పెరిగింది, అప్పటి నుంచి పలకరింపులు కూడా తగ్గిపోయాయి. వాళ్లకు జెండా అంటే నిజంగా ఏమనిపిస్తుంది, ఈసారి పండుగను ఎట్లా జరుపుకుంటే బాగుంటుంది అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. నేను చూసినంతలో ఈ కుటుంబాల్లో అత్యధికులు జెండాను తమ జెండాగానే చూస్తారు. ఎవరింటి మీద ఉంది, ఎవరింటి మీద లేదు అని లెక్క తీయడం మొదలైనప్పుడే వాళ్ల మనసు చివుక్కుమంటుంది. కాబట్టి ఈసారి సరిచేసుకోవలసింది మీ సంఘం తీర్మానాన్నీ, ఆ ఫొటోలు పెట్టిన పద్ధతినీ.

నేను నల్లగొండ, దేవరకొండ, అచ్చంపేట ప్రాంతాల ప్రభుత్వ పాఠశాలల్లో ఉపాధ్యాయురాలిగా, ఆ తర్వాత ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. జెండా పండుగ ఏర్పాట్లు ఏటా నా చేతుల మీదుగా జరిగేవి. వినాయక చవితి, మిలాద్, మొహర్రం ముందు పోలీసులు పిలిచే పీస్ కమిటీ సమావేశాలకూ వెళ్లేదాన్ని. నేను ముస్లింను కాను, గిరిజనురాలినీ కాను. అందువల్ల కింద రాసేది వాళ్ల ఇళ్లలో కూర్చుని విన్నదీ, నా ఎదుట జరిగినదీ మాత్రమే. వాళ్ల తరఫున మాట్లాడుతున్నానని అనుకోవద్దు. మీ కాలనీలోనే ఉన్న వాళ్లను అడిగి తెలుసుకోవడం నా సమాధానం కన్నా ఎప్పుడూ మేలు.

ముందుగా ఒక మాట అడగనివ్వండి. పోయినేడు మీ కాలనీలో జెండా కట్టని హిందువుల ఇళ్లు ఎన్ని ఉన్నాయి? ఒక్కటీ లేదంటే నేను నమ్మలేను. ఊరికి పోయినవాళ్లు, మరిచిపోయినవాళ్లు, బద్ధకించినవాళ్లు, జెండా తెచ్చి కర్ర దొరకక బీరువాలో పెట్టినవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. ఆ ఇళ్ల ఫొటోలు గ్రూపులోకి రాలేదు. మీ ముస్లిం పొరుగువారికి ఆ ఫొటోల్లో మొదట కనిపించినది అదే. ఒకే పని చేయనందుకు ఒకరిని మతిమరుపు మనిషి అనీ, మరొకరిని దేశం మీద ప్రేమ లేని మనిషి అనీ అనుకుంటున్నారని వాళ్లకు అర్థమైంది. ఆ తర్వాత మీరు జెండా గురించి ఎంత మంచిగా మాట్లాడినా, వాళ్లు ఆ మాటను ఆ ఫొటో పక్కనే పెట్టుకుని వింటారు.

లంబాడా కుటుంబాల విషయంలో చాలావరకు సంగతి ఇంకా తేలికైనది. ఆగస్టు అంటే తరచుగా శ్రావణం, శ్రావణం అంటే తండాల్లో తీజ్. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి తొమ్మిది రోజులు నీళ్లు పోసి, చివరి రోజున పాటలతో చెరువుకు తీసుకుపోయి నిమజ్జనం చేసే పండుగ అది. పిల్లల చదువు కోసం పట్నంలో అద్దెకుంటున్న కుటుంబాలు ఆ రోజుల్లో ఇంటికి తాళం వేసి తండాకు పోతాయి. దేవరకొండలో నా తరగతి గదులు ఆ వారం సగం ఖాళీగా ఉండేవి. మీ వాళ్లు ఫొటో తీసింది తాళం వేసిన ఇల్లు కాదు కదా అని ఒకసారి చూసుకోండి. పైగా అద్దెకున్నవాళ్లకు మిద్దె మీద హక్కు ఉండదు. మేడ మెట్లకు ఇంటి యజమాని తాళం వేసుకుంటే వాళ్లు జెండా ఎక్కడ కట్టాలి?

తండాలకూ జెండాకూ ఉన్న బంధం గురించి మాత్రం నేను కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఆ ఆనందాన్ని నేను దగ్గరగా చూశాను. చాలాకాలం తండాలు పెద్ద ఊరికి శివారు ఆవాసాలుగానే ఉండేవి. పంచాయతీ కార్యాలయం ఊర్లో ఉండేది, జెండా గద్దె ఊర్లో ఉండేది, తాడు లాగేది ఊరి సర్పంచే. తండా పిల్లలు తెల్లవారకముందే లేచి, బురదలో నడిచి వచ్చి, వరుసలో చివర నిలబడి, ఒక చాక్లెట్టు తీసుకుని తిరిగి నడిచిపోయేవారు. "మా తండాలో మా రాజ్యం" అన్న డిమాండు ఏళ్ల తరబడి వినిపించింది. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా దాటిన తండాలు వేరే గ్రామ పంచాయతీలయ్యాయి, 2019 జనవరిలో ఎన్నికలు జరిగాయి. ఆ ఏడాది ఆగస్టు 15న దేవరకొండ వైపు ఒక తండాలో కొత్త పంచాయతీ ముందు, అప్పుడే సున్నం కొట్టిన గద్దె దగ్గర నేనూ ఉన్నాను. సర్పంచిగా గెలిచిన ఆమె లంబాడా ఆడవాళ్లు వేసుకునే అద్దాల పావడా, రవిక (పేటియా, కాంచళి) వేసుకుని, అద్దాలు మెరుస్తుండగా వచ్చి తాడు లాగింది. పక్కన నిలబడ్డ ఒక ముసలమ్మ నాతో, "బడికాడ జెండా శానసార్లు చూసినం మేడం, మనోళ్లు తాడు లాగుడు ఇదే చూసుడు" అన్నది. ఆ ఒక్క వాక్యంలో మీ ప్రశ్నకు సగం సమాధానం ఉంది. జెండాను చూడడం వేరు, దాన్ని ఎగరేసే చేయి తమది కావడం వేరు. మీ కాలనీలో ఇన్నేళ్లలో తాడు లాగినవాళ్ల పేర్లు ఒకసారి గుర్తుచేసుకోండి.

నల్లమల అడవిలోని చెంచు పెంటల, అంటే చెంచుల గూడేల సంగతి వేరు. అక్కడ జెండా ఎగరడమూ ఎగరకపోవడమూ బడిని బట్టి ఉంటుంది. అమ్రాబాద్ అడవి లోపలి పెంటల్లో సారు వచ్చిన రోజున జెండా ఎగురుతుంది, వానకు వాగు పొంగి సారు రాకపోతే కర్ర అట్లాగే నిలబడి ఉంటుంది. అటవీ భూమి హక్కుల గురించి, పులుల అభయారణ్యం కోసం పెంటలను తరలించాలన్న మాట గురించి, 2019లో యురేనియం అన్వేషణ గురించి వాళ్లకు ప్రభుత్వంతో గట్టి తగాదాలే ఉన్నాయి. అయినా ఆ కోపాన్ని జెండా మీద చూపించిన చెంచు మనిషి నాకు తారసపడలేదు. ప్రభుత్వం మీద ఫిర్యాదు ఉన్న మనిషికి దేశం మీద ప్రేమ లేదని లెక్కగట్టే తొందరపాటు చదువుకున్న మన మధ్యనే ఎక్కువ.

ఇక ముస్లింల విషయం. ఇది ఓపికగా చెప్పవలసినది, ఎందుకంటే మన ప్రాంతంలో దీని వెనుక బహిరంగంగా ఎవరూ మాట్లాడని చరిత్ర ఉంది.

మిగతా దేశంలో 1947 ఆగస్టు 15న ఎగిరిన జెండా నిజాం రాజ్యంలో నిషిద్ధం. దాన్ని ఎగరేసినందుకు హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థను జైల్లో పెట్టారు. ఆ సెప్టెంబరులో వరంగల్ వైపు పరకాలలో జెండా ఎగరేయబోయిన జనం మీద కాల్పులు జరిగాయి. మన పాలమూరు జిల్లాలో ఆత్మకూరు దగ్గర అప్పంపల్లిలోనూ 1947లో నిజాం పోలీసుల కాల్పుల్లో రైతులు చనిపోయారు. రజాకార్ల దౌర్జన్యాలు నల్లగొండ పల్లెల్లో ఇప్పటికీ ఇంటింటి కథలే. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది, విజయవాడ వైపు నుంచి వచ్చిన దళాలు మునగాల, సూర్యాపేట మీదుగా నడిచాయి, 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు. మన తాతలకు అది పీడ విరగడైన రోజు.

అదే వారం ముస్లిం ఇళ్లలో ఇంకోలా గుర్తుండిపోయింది. సైనిక చర్య సమయంలోనూ ఆ తర్వాతా జరిగిన హత్యలను విచారించడానికి భారత ప్రభుత్వమే పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌లను పంపింది. చనిపోయినవారి సంఖ్య 27,000 నుంచి 40,000 వరకు ఉండవచ్చని వారు అంచనా వేశారు. ఆ నివేదిక 2013 దాకా జనానికి అందుబాటులోకి రాలేదు. ఎక్కువ ప్రాణనష్టం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో జరిగింది. వార్తలు మాత్రం మన ఊళ్లకూ వచ్చాయి, వాటి వెంట భయమూ వచ్చింది. రజాకార్లతో ఏ సంబంధమూ లేని పేద దర్జీలు, టాంగావాలాలు, దూదేకులవాళ్లు కూడా ఆ భయాన్ని అనుభవించారు. ఆ కుటుంబాల్లో నానమ్మలు మనవళ్లకు ఈ సంగతులు చెప్పకుండానే పోయారు. చెప్పని భయం కూడా వారసత్వంగా వస్తుందని నేను నమ్ముతాను, ఎందుకంటే సెప్టెంబరు 17 దగ్గరపడుతుంటే నా ముస్లిం సహోద్యోగులు మాటలు తగ్గించుకోవడం ఏటా గమనించాను. ఆ రోజును ఒకరు విమోచనమంటారు, ఒకరు విలీనమంటారు, మరొకరు సమైక్యత అంటారు. ఏ పేరు పెట్టినా ఆ రోజు ఎగిరే జెండా కింద నిలబడేటప్పుడు తమను రజాకార్ల వారసులుగా చూస్తున్నారేమోనన్న శంక వాళ్లను వదలదు.

ఈ చరిత్రలోనే వాళ్లు గర్వంగా చెప్పుకోగలిగిన పేర్లూ ఉన్నాయి, మనమే వాటిని బడిలో సరిగ్గా చెప్పలేదు. హైదరాబాదు భారతదేశంలో కలవాలని ఉర్దూ పత్రిక 'ఇమ్రోజ్'లో రాసినందుకు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో రజాకార్లే చంపారు. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి ప్రాణం ఇచ్చిన బందగీ ముస్లిం రైతు, అదే దొరను ఎదిరించిన జాటోతు ఠాను నాయక్ లంబాడా. ఉర్దూ కవి, కమ్యూనిస్టు నాయకుడు మఖ్దూం మొహియుద్దీన్‌ను 1952లో శాసనసభకు పంపింది మన హుజూర్‌నగర్ ఓటర్లే. ఈ పేర్లను వేదిక మీద చదివిన ఏడాది మా బడిలో పిల్లల తండ్రులు కార్యక్రమం అయ్యాక కూడా వెళ్లిపోకుండా నిలబడి మాట్లాడారు.

ఇప్పుడు నేటి సంగతికి వస్తాను. నేను పనిచేసిన ఒక పాఠశాలలో అటెండరు ముస్లిం. ఆ పట్టణంలో జెండా ముడి వేయడంలో ఆయనంత నేర్పరి లేడు. జెండాను బల్ల మీద పరిచి, మడతలు సమంగా పెట్టి, బంతిపూల రేకులు తడి లేకుండా చూసి లోపల పోసి, చుట్టి, చివరకు జారుముడి వేసేవాడు. కొస పట్టుకుని ఒక్కసారి లాగితే చాలు, పూలు రాలి జెండా విచ్చుకునేది. పక్క కార్యాలయాలవాళ్లు కూడా ముందురోజు సాయంత్రం ఆయనను బతిమాలి తీసుకుపోయేవారు, ఎందుకంటే అతిథి తాడు లాగినప్పుడు ముడి బిగుసుకుపోవడం అంత నామోషీ మరొకటి ఉండదు. ఆయన ఎవరి దగ్గరా రూపాయి తీసుకునేవాడు కాదు.

ఒక ఏడాది ఆగస్టు పద్నాలుగో తేదీన ఆయన ఉండే వీధిలోకి మోటారు సైకిళ్ల మీద ఒక ర్యాలీ వచ్చింది. చేతుల్లో జాతీయ జెండాలున్నాయి, వాటి మధ్య వేరే జెండాలూ ఉన్నాయి. మసీదు ముందుకు రాగానే బండ్లు ఆపి, హారన్లు మోగించి, వేరే దేశం పొమ్మనే నినాదాలు ఇచ్చారు. ఆ వీధిలో దుకాణాల షట్టర్లన్నీ దిగిపోయాయి. మర్నాడు ఎప్పటిలాగే ఆయన తెల్లవారుజామున వచ్చి గద్దె కడిగి ముడి వేశాడు. అందరూ వెళ్లాక నాతో ఇట్లా అన్నాడు: "ఝండా మాదే మేడం, అండ్ల శక్ లేదు. గానీ అదే ఝండాని మా దిక్కు ఊపుకుంట తిట్టినప్పుడు, ఇంట్ల పిల్లలకు ఏం చెప్పాలె?" అదే మనిషి, అదే జెండా, ఒక్కరోజు తేడా. మీ కాలనీలో కొందరు జెండా కట్టకపోవడానికి జెండాతో సంబంధం లేని కారణం ఉండవచ్చు. ఆ జెండాను అంతకుముందు తమ మీదికి ఎవరు ఎట్లా తెచ్చారన్నది వాళ్లు మరిచిపోయి ఉండరు.

మరో కారణం ఒక విద్యార్థి తల్లి చెప్పేవరకు నాకు తట్టలేదు. 2022 ఆగస్టులో ఇంటింటా జెండా కార్యక్రమం జరిగినప్పుడు మన రాష్ట్ర ప్రభుత్వం ఇళ్లకు జెండాలు ఉచితంగా పంచింది, పోస్టాఫీసుల్లో 25 రూపాయలకూ అమ్మారు. ఆమె జెండా తీసుకుని ఇంట్లోనే గోడకు పెట్టుకున్నది, బయట కట్టలేదు. ఎందుకని అడిగితే, "గాలికి కింద పడితే, తెలవక తలకిందులు కడితే, మీ ఇంటికాడైతే ఎవరో ఒకరు వచ్చి సరిచేస్తరు. మా ఇంటికాడైతే ఫొటో తీస్తరు" అన్నది. ఆమె భయం ఊహ కాదు. జెండాను అవమానించడం 1971 చట్టం కింద మూడేళ్ల వరకు శిక్ష పడే నేరం. పొరపాటుకూ అవమానానికీ తేడాను చూసేవాడి మనసు నిర్ణయించే వాతావరణంలో, పొరపాటు చేసే అవకాశమే లేకుండా ఉండడం క్షేమమని ఒక తల్లి అనుకుంటే ఆమెను ఎవరు తప్పుపట్టగలరు? పీస్ కమిటీలో ఇటువంటిదే ఇంకో గొడవ దాదాపు ప్రతి మిలాద్‌కూ వచ్చేది. చంద్రవంక ఉన్న ఆకుపచ్చ జెండాను చూసి పాకిస్తాన్ జెండా కట్టారని ఫోన్లు వచ్చేవి. పాకిస్తాన్ జెండాలో కర్ర వైపు తెల్లని నిలువు పట్టీ ఉంటుంది, దర్గాల మీదా మిలాద్ ఊరేగింపుల్లోనూ కనిపించేది మతపరమైన జెండా. ఈ తేడా తెలియని ఒక్క ఫోను ఒక వీధి వీధిని పోలీసు స్టేషను చుట్టూ తిప్పుతుంది.

చట్టం ఏమంటుందో కూడా మీ సంఘానికి తెలియాలి. ఇంటి మీద జెండా ఎగరేయడం పౌరుడి హక్కు అని 2004లో నవీన్ జిందాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జెండాను గౌరవించడం రాజ్యాంగంలోని 51ఎ అధికరణం ప్రకారం మన విధి. ఇంటి మీద ఎగరేయకపోవడం నేరమని మాత్రం ఏ చట్టంలోనూ లేదు, కాబట్టి ప్రతి ఇంటి మీదా ఎగరాలని తీర్మానించే అధికారం కాలనీ సంఘానికి లేదు. దీనికి దగ్గరగా ఉన్న తీర్పు 1986 నాటి బిజో ఇమ్మాన్యుయేల్ కేసులోనిది. కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు జాతీయ గీతానికి మర్యాదగా లేచి నిలబడ్డారు గానీ, తమ విశ్వాసం అడ్డు వస్తున్నదని గొంతు కలపలేదు. బడి వాళ్లను పంపేసింది, సుప్రీంకోర్టు తిరిగి చేర్చుకోమన్నది. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి మన తెలుగువారు. మన సంప్రదాయం సహనాన్ని బోధిస్తుందనీ, రాజ్యాంగం దాన్ని ఆచరిస్తుందనీ, దాన్ని పలచన చేసుకోవద్దనీ ఆయన అందులో రాశారు. ప్రధానోపాధ్యాయుల శిక్షణలో ఈ తీర్పును తప్పనిసరిగా చదివించాలని నా గట్టి అభిప్రాయం.

మీ ప్రశ్న కింద ఒకరు, "దేశంలో ఉంటూ జెండా కట్టడానికి ఏం కష్టం" అని రాశారు. ఆయనకు నా జవాబు ఇది. మన పిల్లలు అమెరికాలో, ఇంగ్లండులో మైనారిటీలే. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికాలో సిక్కులు, ఇతర భారతీయులు తమ దుకాణాలకూ టాక్సీలకూ అమెరికా జెండాలు కట్టుకున్నారు. వాళ్లలో కొందరికి అది దేశం మీద ప్రేమ, కొందరికి రాళ్లు పడకుండా పెట్టుకున్న అడ్డు, చాలామందికి రెండూ. ఆ సెప్టెంబరు 15నే అరిజోనాలోని మేసాలో బల్బీర్ సింగ్ సోధీని తలపాగా చూసి ఆయన పెట్రోలు బంకు ముందే కాల్చి చంపారు. ఇంగ్లండులో 2025 వేసవిలో వీధి దీపాల స్తంభాలకు వరుసగా జెండాలు కట్టినప్పుడు అక్కడి ఆసియా కుటుంబాల్లో చాలామంది బెదిరారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సోమాలియాలో పుట్టిన మో ఫరా బ్రిటన్ జెండాను భుజాల మీద కప్పుకున్నప్పుడు అవే కుటుంబాలు చప్పట్లు కొట్టాయి. మీ కాలనీలో ఎవరి కొడుకో కూతురో అక్కడ తప్పక ఉంటారు. వాళ్లను ఫోనులో అడిగి, చెప్పినదాన్ని పక్కింటివారికి అన్వయించుకోండి.

మన దగ్గరే మంచి పద్ధతీ ఉంది. నల్లగొండ పట్టణంలో 2021 జనవరి 23 నుంచి, సుభాష్ చంద్రబోస్ జయంతి నాడు మొదలుపెట్టి, రోజూ ఉదయం 8:30కి ప్రధాన కూడళ్లలో మైకుల్లో జనగణమన వినిపిస్తున్నారు. ఆటోవాలా ఇంజను ఆపేస్తాడు, బుర్ఖా వేసుకున్న తల్లి పిల్లవాడి చేయి పట్టుకుని ఆగుతుంది, అడ్డా మీద కూలి కోసం నిలబడ్డ తండా మనుషులు మాటలు ఆపుతారు. 52 సెకన్లు అయిపోగానే ఎవరి దారిన వాళ్లు పోతారు. అక్కడ ఎవరి ఇల్లూ, ఎవరి గుమ్మమూ ఎవరూ చూడరు, అందరూ ఒకే రోడ్డు మీద ఒకేలా నిలబడతారు. ఆస్పత్రికి పరిగెత్తేవాడు ఆగకపోతే పోనివ్వాలి, అంతే. ఇంటింటి మీద జెండా కన్నా, కాలనీ అంతటికీ ఒక జెండా, ఒక గద్దె, ఒక సమయం అన్న పద్ధతి మీకు మేలని నేను అనడానికి కారణం ఇదే.

ఈసారి ఏం చేయాలంటే, మొదట ఆ పాత ఫొటోలను గ్రూపులోంచి తీసేసి, తీసింది తప్పని సంఘం పేరుతో రాయండి. పెట్టినవారి పేరు ఎత్తనక్కర్లేదు. ఆ తర్వాత అధ్యక్షుడూ మీరూ కలిసి ఆ ఇళ్లకు స్వయంగా వెళ్లండి. జెండా ప్రస్తావన తేవద్దు, కార్యక్రమానికి ఏం పని చేస్తారని అడగండి. పిలుపుకన్నా పని అప్పగించడం మనిషికి ఎక్కువ గౌరవం. తాడు లాగే అవకాశం కాలనీలో ఏటా ఒకరికి వంతులవారీగా వచ్చేలా నియమం పెట్టుకోండి. ఈ ఏడాది మాత్రమే ముస్లిం పెద్దమనిషిని ముందు నిలబెట్టి ఫొటో దిగితే, అది ఆయనకు ఇంకో పరీక్ష అవుతుంది.

గద్దె దగ్గర కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, హారతి ఇవ్వడం మన కాలనీల్లో అలవాటయింది. అందులో చెడు ఉద్దేశం లేదని నాకు తెలుసు. కానీ ఆ క్షణంలో ముస్లింలు, క్రైస్తవులు రెండడుగులు వెనక్కి జరగడం మీరే గమనించి ఉంటారు. పూజ ఇంట్లో చేసుకుని, గద్దె దగ్గర పూలు మాత్రం ఉంచితే ఎవరూ వెనక్కి జరగనక్కర్లేదు. నినాదాల్లో కొందరికి విశ్వాసపరమైన ఇబ్బంది ఉండేవి ఉన్నాయి. 'జై హింద్' దగ్గర ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ నినాదాన్ని ఇచ్చినవాడిగా చెప్పుకునే ఆబిద్ హసన్ మన హైదరాబాదువాడే, బోసు అనుచరుడు.

జెండా నిబంధనావళి కూడా మీకు ఆసరాగా ఉంటుంది. జాతీయ జెండా ఎగిరే కర్రకు ఇంకే జెండా కట్టకూడదు, దానికన్నా ఎత్తులో గానీ పక్కన సమానంగా గానీ మరో జెండా ఉండకూడదు, దాని మీద అక్షరాలు రాయకూడదు. యువకులు ర్యాలీ తీస్తామంటే ఈ నియమాలు చదివి వినిపించి, ఇతర జెండాలు లేకుండా, ఏ ప్రార్థనా స్థలం ముందూ ఆగకుండా పోవాలని ముందే ఒప్పించండి. వినకపోతే సంఘం పేరు వాడుకోవడానికి అనుమతి ఇవ్వకండి.

ఇంత చేసినా ఒకటి రెండు కుటుంబాలు రాకపోవచ్చు. కారణం అడగకండి. అన్ని వర్గాల్లోనూ ఇటువంటి వేడుకలంటే ఆసక్తి లేనివాళ్లు ఉంటారు. అరుదుగా మనసులో నిజంగానే విముఖత ఉన్నవాళ్లూ ఉండవచ్చు, లేరని నేను బుకాయించను. వాళ్ల మనసు మారేది ఉంటే పొరుగువాళ్ల మంచితనంతో మారుతుంది, గ్రూపులో వచ్చే ఫొటోలతో మారదు.

చివరగా ఒక పని గురించి. ఇళ్ల మీద కట్టాలనుకునేవారి కోసం కొన్ని జెండాలు కమ్యూనిటీ హాలులో ఉంచండి, కావలసినవారు తీసుకుపోతారు, ఎవరు తీసుకున్నారని పుస్తకంలో రాయవద్దు. వేడుక అయ్యాక వాటిని తిరిగి సేకరించే బాధ్యతను నలుగురు పిల్లలకు అప్పగించండి, ఆ నలుగురూ వేర్వేరు ఇళ్లవాళ్లయితే బాగుంటుంది. మా బడి పక్క వీధుల్లో ఆగస్టు చివరికల్లా వెలిసిపోయి, చినిగి, కరెంటు తీగలకు వేలాడే జెండాలను చూసి నాకు ప్రాణం ఉసూరుమనేది. బాగున్నవాటిని ఉతికి, ఆరబెట్టి, మడిచి దాచాలి. చినిగినవాటిని చెత్తలో వేయకుండా, నలుగురూ చూసేచోట కాకుండా, ఏకాంతంగా, కాల్చి గానీ గౌరవానికి భంగం లేని మరో పద్ధతిలో గానీ నాశనం చేయాలని నిబంధనావళి చెప్తుంది. ఆ పిల్లలకు ఈ పద్ధతి ముందే చూపించండి, లేకపోతే తెలియక కాల్చిన పిల్లవాడి ఫొటో మళ్లీ అదే గ్రూపులోకి వస్తుంది.